నాలుగు కాళ్ల హీరోతో అవుట్‌డోర్ షెడ్యూలు

సినిమాలో కుక్క వుందంటే దాని పనులు మూడే. హీరో వెనకాల పరుగెత్తడం, విలన్ పిక్క పట్టుకోవడం, ఆఖరి రీల్లో హాలంతా జేబురుమాళ్ళు తీసేలా చెయ్యడం. 1985లో వచ్చిన జాకీ ష్రాఫ్ ‘తేరీ మెహర్బానియా’లో మోతీ అయితే ఇంకో మెట్టు పైకెక్కింది. హీరో చచ్చిపోయాక పగ తీర్చుకునే బాధ్యత కూడా అదే నెత్తినేసుకుంది! 2022లో ‘777 చార్లీ’ వచ్చింది. కుక్కకి మంచు చూపించాలని రక్షిత్ శెట్టి బయల్దేరాడు. ఎక్కడి మైసూరు, ఎక్కడి హిమాలయాలు! ఆ సినిమా చూసి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందరూ ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుని వుంటారు. నేను మాత్రం మా భీముడి మొహం చూసి, “మనం కూడా వెళ్దామట్రా?” అన్నాను.

వాడు తోక వూపాడు. వాడి సొమ్మేం పోయింది!

మేముండేది ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో. ఇక్కణ్ణించి కారు ఉత్తరంగా తిప్పితే, పోర్ట్ ఆగస్టా దగ్గర స్టువర్ట్ హైవే మొదలై, ఖండానికి నడినెత్తిన పాపిడి తీసినట్టు డార్విన్ దాకా పోతుంది. అడిలైడ్ నుంచి డార్విన్ మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. దాదాపు హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళి తిరిగి హైదరాబాదు వచ్చినంత. తేడా యేమిటంటే, మన రోడ్డు మీద టీ కొట్టు లేని చోటు వెతుక్కోవాలి. ఇక్కడ పెట్రోలు బంకుకీ బంకుకీ మధ్య 250 కిలోమీటర్లు వచ్చే చోట్లున్నాయి. వూరు దాటితే సెల్‌ఫోను మూగనోము పడుతుంది. మిగిలింది ఎర్రమట్టీ, పొదలూ, ఆకాశమూ. దీన్నే అవుట్‌బ్యాక్ అంటారు.

ఈ జూలైలో బయల్దేరాలని నిర్ణయం. యూనిట్ ముగ్గురం. నేనూ, మెల్‌బోర్న్ నుంచి వచ్చే మా బావా, భీముడూ. భీముడు కెల్పీ సంకరం. రంగు ఇటుకపొడి, బరువు 22 కిలోలు, వయసు పదేళ్ళు. పేరుకి భీముడే గానీ పటాకాయ పేలితే మంచం కిందికి దూరతాడు.

ప్లాను వెయ్యడం మొదలెట్టాక తెలిసిందేమిటంటే, ఇందులో మేమిద్దరం జూనియర్ ఆర్టిస్టులం. షెడ్యూలంతా వాడి కాల్షీట్ల ప్రకారమే నడవాలి.

మొదట సీజను. బావకి సెలవులు డిసెంబరులో తేలిగ్గా దొరుకుతాయి. కానీ దక్షిణార్ధగోళంలో డిసెంబరూ జనవరీ మండువేసవి. ఈ రోడ్డుకి తూర్పున ఊడ్నడట్టా అనే వూళ్ళో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. మనిషికి వొళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకి నాలిక బయటపెట్టి వగర్చడం తప్ప పెద్ద దారి లేదు. తారు రోడ్డు మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. అదే జూలైలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో పగలు 20 డిగ్రీలు, రాత్రి దుప్పటి కాదు, బొంత కావాలి. “ఒరేయ్, కుక్కకోసం నేను మా మేనేజరు కాళ్ళు పట్టుకోవాలట్రా?” అన్నాడు బావ. పట్టుకున్నాడు. జూలైలో సెలవిచ్చారు.

తరవాత మజిలీలు. సినిమాలో హీరో చీకట్లో బండి నడుపుతూ పాట పాడతాడు. ఇక్కడ పొద్దుగూకాక నడపడం అంటే కంగారూలతో పందెం వేసుకోవడమే. అవి సందెవేళా తెల్లవారుజామునా రోడ్డు మీదికొస్తాయి. మధ్యలో రోడ్ ట్రెయిన్లొకటి. ఒక లారీకి మూడు నాలుగు ట్రెయిలర్లు తగిలించిన ఆ బండి యాభై మూడున్నర మీటర్ల దాకా వుంటుంది. అది ఎదురొచ్చి దాటిపోతే, ఆ గాలికి మన కారు వొణుకుతుంది. నార్తర్న్ టెరిటరీలో గంటకి 130 కిలోమీటర్ల దాకా పోనిస్తారు, కానీ పోనిస్తారని పోవాలా? కనక రోజుకి అయిదారొందల కిలోమీటర్లే. రెండు గంటలకోసారి భీముడికి నీళ్ళు, నాలుగడుగుల నడక. నీళ్ళు ముగ్గురికీ కలిపి నలభై లీటర్లు ఎప్పుడూ బండిలో వుండాలి. కూచోవడానికి వెనక సీటు, ఛాతీ చుట్టూ పట్టీ, పట్టీకి బెల్టు. కిటికీలోంచి తలకాయ బయటపెట్టి చెవులు ఎగరేసే సీను కట్!

బస విషయంలో నేను చేసిన టెలిఫోన్లకి లెక్క లేదు. మోటెల్ వాళ్ళు “కుక్కా?” అంటారు, ఫోను పెట్టేస్తారు. కారవాన్ పార్కుల వాళ్ళు నయం. కాకపోతే “చిన్నదా, పెద్దదా?” అంటారు. “మధ్యరకం” అన్నాను. “మధ్యరకం అంటే?” ఇదేదో పెళ్ళిచూపుల వ్యవహారంలా వుందే అనుకున్నాను! అన్నట్టు, మనలో ఎవరైనా ఈ దారిన పోవాలనుకుంటే పాత మ్యాపుని నమ్మకండి. ఈ రోడ్డు మీద బంకులూ హోటళ్ళూ మూతపడడం మామూలు. బయల్దేరే ముందు ప్రతి చోటికీ ఫోను చేసి తీరాలి.

సినిమా ప్రియులకి అసలు పండగ కూబర్ పెడీ. అడిలైడ్‌కి సుమారు 850 కిలోమీటర్లు. 1915లో అక్కడ ఒపల్ రాళ్ళు దొరికాయి. ఎండ భరించలేక జనం భూమిలోపల ఇళ్ళు తొలుచుకున్నారు. 1985 నాటి ‘మ్యాడ్ మ్యాక్స్ బియాండ్ థండర్‌డోమ్’ షూటింగు ఆ చుట్టుపక్కల జరిగింది. ఆ వరసలో రెండో సినిమా, 1981ది, బ్రోకెన్ హిల్ దగ్గర సిల్వర్టన్‌లో తీశారు. అందులో మెల్ గిబ్సన్ పక్కన పేరు లేని కుక్క ఒకటుంటుంది. ఆస్ట్రేలియన్ కాటిల్ డాగ్. పెట్రోలుకోసం మనుషులు ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటుంటే ఆ కారులో బుద్ధున్న ప్రాణి అదొక్కటే అనిపిస్తుంది. నాకు ఆ సినిమాలో నచ్చిన నటుడు అదే. బావ ఒప్పుకోడు.

అయితే కూబర్ పెడీ చుట్టూ ఒపల్ కోసం తవ్వి వదిలేసిన బావులు వేలకొద్దీ వున్నాయి. మూతల్లేవు. ఫొటో తీసుకుంటూ వెనక్కి నడవకండి అని బోర్డులు పెట్టారు. బోర్డు చదవలేని భీముణ్ణి అక్కడ తాడు విప్పడం అనే మాటే లేదు.

తాడు సంగతి వచ్చింది గనక ‘రెడ్ డాగ్’ గురించి చెప్పాలి. 2011లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా. కోకో అనే కెల్పీ నటించింది, అచ్చం మా భీముడి రంగే! కథకి మూలం నిజంగా బతికిన కుక్క. పడమటి తీరాన డాంపియర్ వూళ్ళో 1970లలో వుండేది. కనిపించిన కారెక్కేది, బస్సెక్కేది, ఇష్టమైన చోట దిగేది. వూరంతా దాని ఇల్లే. ఇప్పటికీ వూరి మొదట్లో దాని విగ్రహం వుంది. తాడూ లేదు, గొలుసూ లేదు. ఆ సినిమా చూసినవాడికి కుక్కంటే ఇలా బతకాలి అనిపిస్తుంది.

1979లో అది చచ్చిపోయింది. విషం తిని.

ఆ కథ నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే ఈ దారిలో విషం ఎవరో దుర్మార్గుడు పెట్టేది కాదు, పద్ధతి ప్రకారం పెట్టేది. డింగోలూ నక్కలూ మందల మీద పడకుండా పశువుల ఆసాములు మాంసం ముక్కల్లో 1080 అనే మందు పెట్టి పొలాల్లో పడేస్తారు. కంచెకి హెచ్చరిక బోర్డు వుంటుంది. కానీ ఆ ముక్కని ఏ కాకో ఎత్తుకొచ్చి రోడ్డు పక్కన పడేస్తే దానికి బోర్డుండదు. 1080కి విరుగుడు మందు లేదు. అందుకని బండి దిగిన ప్రతిసారీ భీముడి మూతికి వైరు బుట్ట. మన నూర్పిళ్ళప్పుడు ఎద్దుల మూతికి కట్టే చిక్కం లాంటిది. నీళ్ళు తాగొచ్చు, వగర్చొచ్చు, నేల మీది ముక్క మాత్రం అందుకోలేడు.

చిక్కం సంగతి ఫోన్లో విని అమ్మ, “పాపం, వాడేం నేరం చేశాడ్రా!” అంది.

ఇక అసలు గొడవ. ఉలూరు. ఆ ఎర్రకొండ చూడాలని బావ ఈ దేశం వచ్చిన రోజునించీ కలవరిస్తున్నాడు. అర్ల్‌డండా దగ్గర హైవే వదిలి పడమరకి 250 కిలోమీటర్ల పైగా పోవాలి. అది నేషనల్ పార్కు, అనంగు ప్రజలకి పవిత్రమైన నేల. కొండెక్కడం 2019లో పూర్తిగా ఆపేశారు. పెంపుడు కుక్కల్ని పార్కులోకి రానివ్వరు. కార్లోంచి దించమన్నా సరే. డార్విన్ వైపు కకడూ పార్కుదీ అదే మాట. న్యాయమే. ఆ బల్లులూ పిట్టలూ మా భీముడి అతిథి మర్యాదలు కోరుకోవు.

“వాణ్ణి అడిలైడ్‌లోనే కుక్కల హాస్టల్లో వదిలెయ్‌రా. పది రోజులే కదా,” అన్నాడు బావ.

“వాడికోసమే కదా బావా వెళ్తోంది!”

“నాకోసం కూడా అనుకున్నాను.”

ఆ మాట తరవాత రెండు రోజులు బావ ఫోను చెయ్యలేదు. మూడో రోజు అక్క చేసింది. “ఇద్దరూ చిన్నపిల్లల్లా... మీ బావ చెప్పింది నిజమే కదరా,” అంది. నిజమే. కుక్కకి మాటిచ్చాను గానీ మనిషిని అడగలేదు.

ఈ లోగా భీముణ్ణి పశువుల డాక్టరుకి చూపించాను. ఆవిడ గుండె విన్నారు, తుంటి వొంచి చూశారు, పళ్ళు చూశారు. ఉత్తరాన పిడుదుల వల్ల ఎర్లికియా అనే జ్వరం వస్తోంది; ఈ దేశంలో అది 2020లోనే బయటపడింది. దానికి మాత్రా, మెడకి మందు పట్టీ రాసిచ్చారు. పల్లేరు కాయలు గుచ్చుకుంటే తియ్యడానికి పట్టకారు వుంచుకోమన్నారు. మన పల్లేరు ఇక్కడి ఇసకలోనూ వుందంటే నమ్మండి! డార్విన్ దగ్గర నీళ్ళ వొడ్డుకి వెళ్ళొద్దన్నారు, మొసళ్ళకి కుక్కలంటే ప్రీతి. చివరికి నేనే అడిగాను, “వచ్చే ఏడు తీసుకెళ్తే?”

ఆవిడ భీముడి చెవి నిమురుతూ, “ఈ ఏడు తీసుకెళ్ళండి,” అన్నారు. అంతే. ఇంకేం అనలేదు.

ఆ రాత్రి బావకి నేనే ఫోను చేసి ఆ ఒక్క మాటా చెప్పాను. చాలాసేపు అటునించి చప్పుడు లేదు. తరవాత, “యులారా అని పార్కు బయట వూరుందిగా, అక్కడ క్యాంపులోకి కుక్కని రానిస్తారట, కనుక్కున్నాను. పొద్దున నేను కొండ దగ్గరికి వెళ్ళొస్తాను. నువ్వూ వాడూ అక్కడుండండి. సాయంత్రం నువ్వెళ్ళు, నేను వాడి దగ్గరుంటాను,” అన్నాడు. రెండు రోజులు ఫోను చెయ్యని మనిషి చేసిన పని అదన్నమాట! యులారా దిబ్బ మీంచి చూసినా కొండ కనపడుతుంది, దూరంగా. భీముడికి అది చాలు. వాడికి కొండకన్నా బావ ఉప్మాయే ముఖ్యం.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ సాయంత్రం చిక్కం రిహార్సలు. బుట్టలోపల వేరుశనగ ముద్ద రాసి పట్టుకుంటే వాడే మూతి దూరుస్తాడు. ముద్ద అయిపోగానే ముందుకాలితో పీకేస్తాడు. మొదటి వారం అరనిమిషం. నిన్న పన్నెండు నిమిషాలు వుంచుకున్నాడు. బావ వీడియోకాల్లో గడియారం చూస్తూ కూచున్నాడు. జూలైకి ఇంకా ఆరు వారాలుంది.