నూరు గింజల బరువు

కొందరి ఇళ్లలో పెద్దల నుంచి పిల్లలకు పొలాలూ పుట్రలూ సంక్రమిస్తాయి. మా ఇంట్లో రసాయనశాస్త్రమంటే భయం సంక్రమించింది. ఇచ్చినవాణ్ణి నేనే.

దసరా సెలవులకు ముందు మా అమ్మాయి కెమిస్ట్రీ పరీక్ష కాగితం పట్టుకుని నంద్యాలలో మా ఇంటి గడప దగ్గర నిలబడింది. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్నది. ముప్పైకి నాలుగు మార్కులు. వాళ్లమ్మ కోప్పడబోతే, పిల్ల తాపీగా, "నాన్నకే రాలేదంట గదమ్మా, ఇంక నాకేం వస్తుంది?" అన్నది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఇంటికి ఏ స్నేహితుడు వచ్చినా, "మోల్ అనే మాట విని పారిపోయి వచ్చి తెలుగు ఎమ్మేలో పడ్డానండీ" అని చెప్పి నవ్వించడం నాకు అలవాటు. వాళ్లు నవ్వి, కాఫీ తాగి వెళ్లిపోయారు. మూల కూర్చుని విన్న పిల్ల మాత్రం ఆ మాట నమ్మింది.

నిజానికి ఆ రోజుల్లో అవొగాడ్రో సంఖ్యను నేను దండకంలా బట్టీపట్టాను. అంత పెద్ద సంఖ్య ఎందుకో మేష్టారిని అడగడానికి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే తరవాత హాస్యంగా మారింది.

ఆ రాత్రి అమ్మాయి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. "నాన్నా, పన్నెండు గ్రాముల కర్బనమూ ఒక మోలే, పద్దెనిమిది గ్రాముల నీళ్లూ ఒక మోలే అంటారు. బరువులు వేరైనప్పుడు రెండూ ఒకటి ఎట్లా అవుతాయి?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. దీపం తీసేసి పడుకున్నాం.

సెలవులకు ఆళ్లగడ్డ వెళ్లాం. మా అన్న అక్కడ సేద్యం చేస్తాడు. నల్లరేగడిలో శనగ విత్తే అదను. వసారాలో ఒకపక్క దేశవాళి శనగ మూటలు, ఇంకోపక్క కాబూలీ శనగ మూటలు పేర్చి ఉన్నాయి.

"పెదనాన్నా, రెండు చేలూ మూడేసి ఎకరాలే గదా, కాబూలీ మూటలు అన్ని ఎక్కువెందుకు?" అన్నది అమ్మాయి.

"నేలకు కావలసింది కిలోలు కాదమ్మా, గింజలు. ఎకరాకు ఇన్ని మొక్కలు నిలవాలని లెక్క. గింజలు ఎంచుకుంటూ కూర్చుంటే అదను దాటిపోతుంది. అందుకని తూకం వేస్తాం. కాబూలీ గింజ లావు గదా, అన్నే గింజలకు ఎక్కువ కిలోలు తూగుతాయి" అన్నాడు అన్న. శనగ రకాలను వర్ణించేటప్పుడు శాస్త్రజ్ఞులు కూడా 'నూరు గింజల బరువు' అని ఒక లెక్క చెబుతారట.

అమ్మాయి నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను.

వెంటనే మా అమ్మను కూడా కూర్చోబెట్టుకుని రెండు రకాల్లోనూ నూరేసి గింజలు ఎంచాం. పక్క కొట్లో తూచి చూస్తే దేశవాళి ఇరవై రెండు గ్రాములు, కాబూలీ నలభై. అంటే ఒక కిలో నూరు గ్రాముల దేశవాళిలోనూ, రెండు కిలోల కాబూలీలోనూ ఉండేవి అయిదువేల గింజలే. బరువులు వేరు, లెక్క ఒకటి.

మోల్ అంటే ఇంతే. అయిదువేలకు బదులు 602 అని వేసి, దాన్ని కోటితో మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చేటంత సంఖ్య. అణువు కంటికి ఆననంత చిన్నది గనుక సంఖ్య అంత పెద్దది కావలసివచ్చింది. అన్ని కర్బన పరమాణువులు పన్నెండు గ్రాములు తూగుతాయి, అన్ని నీటి అణువులు పద్దెనిమిది గ్రాములు, అంటే ఒక గుక్కెడు నీళ్లు. ఆ తూకానికే మోలార్ ద్రవ్యరాశి అని పేరు. అవొగాడ్రో మహాశయుడు ఆ సంఖ్యను లెక్కించనే లేదు. సమాన ఘనపరిమాణాల వాయువుల్లో, ఒకే వేడిమి, ఒకే పీడనం దగ్గర, అణువులు సమానంగా ఉంటాయని 1811లో ఊహించాడు. సంఖ్యకు ఆయన పేరు పెట్టినవాడు పెర్రిన్, 1909లో. 2019 నుంచి అది 6.02214076 ఇంటూ పది టు ది పవర్ ఇరవై మూడు అని ఖాయమైపోయింది.

ఇంకో సంగతి తలచుకుంటే నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నగణంలో మూడక్షరాలు, మూడు మాత్రలు. మగణంలోనూ మూడక్షరాలే గాని మాత్రలు ఆరు. లెక్క ఒకటి, బరువు వేరు. ఏళ్ల తరబడి క్లాసులో చెబుతున్న పాఠమే ఇది. పారిపోయి వచ్చాననుకున్న చోటే అది నాకోసం కాచుకుని ఉంది!

గింజలు ఎంచుతూ మా అమ్మ ఒక పాత కథ ఎత్తింది. "ఇల్లు కట్టేటప్పుడు మీ తాత సున్నపు బట్టీకి బండ్లతో రాయి తోలించినాడు. దిగిన సున్నం తూస్తే సగానికి కొంచెం పైన తేలింది. బట్టీవాడు దొంగిలించినాడని తగాదా పడి, చచ్చేదాకా వానితో మాట్లాడలేదు."

అమ్మాయి కాగితం తీసింది. సున్నపురాయిలో కాల్షియం నలభై, కర్బనం పన్నెండు, ఆక్సిజన్ మూడు పదహార్లు నలభై ఎనిమిది, వెరసి నూరు. కాలిస్తే మిగిలే సున్నంలో నలభై, పదహారు, వెరసి యాభై ఆరు. తక్కిన నలభై నాలుగూ బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోయింది.

"నూరు కిలోల రాయికి యాభై ఆరు కిలోల సున్నమే వస్తుంది జేజీ. ఆయన దొంగ కాదు."

మా అమ్మ చేతిలో గింజలు పట్టుకుని చాలాసేపు ఊరకే కూర్చున్నది. "ఆ ముక్క అప్పుడే ఎవరన్నా చెప్పింటే బాగుండేది" అన్నది చివరికి.

నంద్యాల తిరిగివచ్చాక జరిగిన పరీక్షలో అమ్మాయికి ముప్పైకి పదిహేడు వచ్చాయి. మిగతా పదమూడు కూడా గాలిలో కలిశాయా అని వాళ్లమ్మ అడిగింది. కాదట, కూడికలో తప్పు పోయిందట.

ఇప్పుడు స్నేహితులెవరైనా వచ్చి "ఆ మోల్ కథ చెప్పండి" అంటే, నేను శనగల కథ చెబుతున్నాను. మునుపటంత నవ్వడం లేదు. పోనీండి.