పైసలిచ్చి నేర్చుకుంటున్నవా?

బాతిక్ నేర్చుకుంటున్నానని ఫోన్‌లో చెప్పగానే అమ్మ పకపకా నవ్వింది. "పైసలిచ్చి నేర్చుకుంటున్నవా బిడ్డా? బట్ట పని వద్దనే గద నిన్ను సదివించింది!"

మాది పోచంపల్లి దగ్గర పల్లె. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ ఆసు పోసేది. మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఒక్క చీరకే వేల సార్లు చెయ్యి ఆడించాలి. చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేసింది వాళ్లమ్మ పడే బాధ చూడలేకే. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికే అమ్మ కుడి చెయ్యి తలపైకి లేవడం మానేసింది. నన్ను మాత్రం ఆసు ముందు కూర్చోనివ్వలేదు. కెమిస్ట్రీతో బీఎస్సీ చేశాను. పెళ్లయి కౌలాలంపూర్ వచ్చాక ఆ పట్టా బీరువాలోనే ఉంది.

ఇక్కడ నాకు నేర్పేది కెలంతాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. అందరం 'మక్ చిక్' అంటాం, మన పిన్నిగారూ అన్నట్టు. చిన్న రాగి గిన్నెకు సన్నని ముక్కున్న చాంతింగ్‌తో కరిగిన మైనం గీతలు గీయాలి. మైనం మరీ వేడెక్కితే గీత పాకిపోతుంది. చల్లారితే బట్టలోకి దిగదు, రంగును ఆపదు. ఆవిడకు థర్మామీటర్ అక్కర్లేదు, మైనం జారే తీరు చూసి చెప్పేస్తుంది. నేను మూడు గుడ్డలు పాడుచేశాను. రంగులేశాక సోడియం సిలికేట్ పూసి రాత్రంతా వదిలేస్తారు. ఆ క్షారం వల్లే రంగు నూలు పోగును పట్టుకుంటుందని వచ్చీరాని మలయ్‌లో వివరిస్తే శ్రద్ధగా విన్నది. నా డిగ్రీ పనికొచ్చిన రోజు అదొక్కటే!

ఒకరోజు పోచంపల్లి చున్నీ వేసుకెళ్లాను. మక్ చిక్ అంచు తిరగేసి చూసి "ఇకత్" అంది. మలయ్‌లో ఆ మాటకు కట్టడం అని అర్థం. మా ఊళ్లో చిటికి కట్టడం అంటారు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఎన్ని పోగులు కలిపి కడతారు? ఏ రంగు ముందు? నేసేటప్పుడు డిజైన్ పక్కకు జరగకుండా ఎలా చూస్తారు? సైకిల్ ట్యూబు రబ్బరుతో కడతారని మాత్రం చెప్పగలిగాను. మిగతా వాటికి నేల చూపులే.

"మీ అమ్మ ఉందిగా, అడుగు" అంది.

ఆ రాత్రి వీడియో కాల్ చేస్తే ముందు "నీకెందుకే అదంతా" అంది. కాసేపటికి ఫోను చెంబుకు ఆనించి, ఎడమ చేత్తోనే పోగులు లెక్కపెట్టి చూపించింది. వెనక నుంచి నాన్న తప్పులు దిద్దుతున్నాడు, ఇద్దరికీ వాదన. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆదివారం చెప్తానంది అమ్మ.

"ఫీజెంత ఇస్తవ్ మరి?"