గీతకార్మికుని యింట

కరీంనగరమునుండి మానకొండూరు దాటి పోవు బాటలో, వరిమళ్ళ గట్లపై బారులు దీరిన తాటిచెట్లను చూచుచు, ఫిజియోథెరపీ చేయు మిత్రుని వెంట, చెట్టుమీదినుండి పడి వెన్నుపాము దెబ్బతిని నాలుగేండ్లుగా మంచము పట్టియున్న గీతకార్మికు నొకనిని చూడబోయితిని. వసారాలో నవారుమంచము, మేకున అతడు చెట్టెక్కు మోకు, ముస్తాదు ఇంకను వ్రేలాడుచున్నవి, మంచము క్రింద మూత్రపుసంచి.

మిత్రుడు ముందుగా కాళ్ళను తాకలేదు. అతనిని పక్కకు దొర్లించి, టార్చి వేసి పిరుదులను, మడమలను పరికించెను. ఒకచోట గోరంత యెరుపు కాననయ్యెను. "రెండు గంటలకోసారి పక్క మారుస్తున్నవా అక్కా?" అనగా, "రాత్రిపూట నిద్ర వడుతది తమ్మీ" అని ఆ యిల్లాలు తలవంచుకొనెను. స్పర్శలేని చర్మమున ఆ యెరుపే పుండై, చీముపట్టి, ప్రాణము మీదికి తెచ్చును.

"సారూ, కరెంటు వెట్టి నడిపిస్తున్నరని ఫోన్ల చూసిన. నాకు గూడ అయితదా?" అని అతడు నన్నడిగెను.

అతడు చూచినది అబద్ధము కాదు. స్విట్జర్లాండులోని లొసాన్ నగరమున గ్రెగ్వార్ కూర్టిన్ అను నాడీశాస్త్రజ్ఞుడును, జోస్లిన్ బ్లాక్ అను శస్త్రవైద్యురాలును, గాయమునకు దిగువ వెన్నుపాముపై విద్యుత్పలకల నమర్చి, స్తబ్ధమైయున్న నాడీజాలమును మేల్కొలిపి, కాళ్ళు చచ్చిన కొందరిని ఊతతో నడిపించిరి. 2023లో మెదడునందలి సంకల్పమును గ్రహించు యంత్రమునుగూడ దానికి జోడించిరి. అయినను తెగిన తంతువులు అతుకలేదు. గాయపుమచ్చయు, తంతువుల పైపొరలోని కొన్ని మాంసకృత్తులును వాని పెరుగుదల నడ్డగించును. వంతెన కూలినచోట మిగిలిన కాలిబాటను వాడుకొనుటయే ఈ విద్య. 2024 డిసెంబరున అమెరికాలో అనుమతి పొందిన, చర్మముపై నుంచు యంత్రము మెడగాయమువారి చేతుల కుద్దేశించినది. జపానులోని కీయో విశ్వవిద్యాలయమువారు గాయపడిన 14 నుండి 28 దినములలో, నలుగురికి, ఒక్కొక్కరికి 20 లక్షల చొప్పున, మూలకణములనుండి పెంచిన నాడీకణముల నెక్కించిరి. 2025 మార్చిలో వెల్లడించిన ఫలితములలో ఇద్దరికి మేలు కనబడినది, ఒకరు నిలువగలిగిరి, తక్కిన యిద్దరికి చెప్పుకోదగిన మార్పు లేదు. నాలుగేండ్ల గాయమునకు ఆ లెక్క చెల్లదు. ఇదంతయు అతనికి చెప్పితిని; మెత్తగా చెప్పు నేర్పు నాకు లేదు.

ఇంతలో ఆ యిల్లాలు, ఎకరమమ్మి మూలకణముల సూది వేయింతుమా యని అడిగెను. "వద్దక్కా" అని మిత్రుడు గట్టిగా వారించెను. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకముల ప్రకారము, కొన్ని రక్తవ్యాధులు మొదలగువానికి దక్క, అనుమతిపొందిన పరీక్షల వెలుపల ఆ చికిత్స చేయరాదు. పరీక్షలో చేరువారినుండి సొమ్ము గైకొనరాదు. సొమ్మడుగువాని గుమ్మమే తొక్కవలదు.

ఇట్టి ప్రమాదముల నాపుటకు రాష్ట్రప్రభుత్వము 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచము' పేర గీతకార్మికులకు నడుముపట్టీలు, త్రాళ్ళు ఇచ్చుట ఆరంభించినది. ఈతని తమ్ముడు, చెట్టెక్కుటకు ఆలస్యమగునని, దానిని ఇంటనే విడిచిపోవునట. లొసాన్ వైద్యులు కూర్పలేనిదానిని ఆ త్రాడు కాపాడగలదని నా యభిప్రాయము. చదువరులారా, చెట్టుపైనుండి పడినవానిని చంకలుపట్టి లేపి, మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తీసికొనిపోవలదు. మెడ, నడుము కదలనీయక, 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు ఉన్నచోటనే ఉంచుడు.