ఒకే యంత్రమున రెండు కాపురములు

2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పోర్ట్ బ్లెయర్ నుండి చాథం రేవునకు వచ్చి, మోటారు బండ్లను మనుష్యులను ఒక్కటిగా మోసికొనిపోవు ఫెర్రీ నెక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగి, తీరము వెంబడి కొంత దూరము పోయినవారికి హారియట్ కొండ పాదమున హోప్ టౌను కానవచ్చును. ఈ యూరు చరిత్రపుటల కెక్కినది ఒక హత్య వలన. 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలమున, కొండపై సూర్యాస్తమయము చూచి దిగి వచ్చిన రాజప్రతినిధి మేయో ప్రభువును షేర్ ఆలీ యను ఖైదీ యిచ్చటి రేవున కత్తితో పొడిచి చంపెను. యాత్రికులు వచ్చి విచారించునది ఆ తావును గూర్చియే. నేను వచ్చినది మాత్రము ఒక పాత కంప్యూటరును చూచుటకు.

ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనాభా లెక్కల నాటికి నూటికి సుమారు 13 మంది. అట్టి కుటుంబములలో ఒకటి, శ్రీకాకుళము ప్రాంతము నుండి తాతలనాడు వలసవచ్చినది, హోప్ టౌనులో స్థిరపడినది. ఆ యింటి యువకుడు పగలు ఉద్యోగము చేసికొని, సాయంకాలము ముందుగదిలో ఇరుగుపొరుగు పిల్లలకు చదువు చెప్పుచు, ఉన్న యొక్క కంప్యూటరునే ఇద్దరి కొకేసారి, ఒకరి పని కొకరు అడ్డురాకుండ, ఇచ్చుచున్నాడని ఒక మిత్రుడు చెప్పగా నమ్మియు నమ్మక వెళ్లితిని.

నా సందేహమును గ్రహించి యతడు మొదట చూపినది విజయమును గాదు, చిక్కును. “ముందు ఏటవుద్దో సూడండి మాస్టారూ” అని, అటకమీది నుండి మూడవ కీబోర్డును దింపి యంత్రమునకు వెనుక తగిలించి, తొమ్మిదవ తరగతి చదువు బాలిక నొకదాని ముందును, ఆమె తమ్ముని వేరొకదాని ముందును కూర్చుండబెట్టి, ఒకే తెర మీద ఇద్దరిని ఒక్కసారి కొట్టుమనెను. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు కొట్టుట ఆ పిల్లల కలవాటే. బాలిక క నొక్కినది, బాలుడు ల నొక్కినాడు. తెరమీద ‘కలకలకల’ యని పడినది. ఆమె ‘కి’ వ్రాయబోయి, క కొట్టి గుడి కొట్టులోపల తమ్ముడు ల కొట్టగా, గుడి పోయి వాని యక్షరము నెక్కి ‘కలి’ యైనది. వాడు షిఫ్టు మీట నదిమిపట్టి నవ్వుచుండగా ఆమె కొట్టిన క లన్నియు ఖ లైనవి. యంత్రమునకు మీటలు తెలియును గాని మనుష్యులు తెలియరు. ఎన్ని కీబోర్డులు తగిలించినను అవన్నియు ఒక్కని చేతులే యని యెంచుట దాని స్వభావము. కావున ఇద్దరిని కూర్చుండబెట్టుటకు వలసినది అధిక బలము గాదు, విభజన.

ఆ విభజనను అతడు క్యాబినెట్ మూత తీసి చూపెను. తెర యొక్కొక్కటికి ఒక్కొక్క గ్రాఫిక్స్ సాధనముండవలెను: ఒకటి మదర్‌బోర్డులోనే యున్నది, రెండవది సెకండ్‌హ్యాండులో కొన్న కార్డు. కార్డు పెట్టగానే బోర్డులోని గ్రాఫిక్స్ మూగవోయినదట. బయోసులోనికి పోయి, రెండును పనిచేయవలెనని ఆజ్ఞాపించిన గాని తిరిగి పలుకలేదట. ఈ యంత్రమును నడుపు లినక్స్‌లో సిస్టమ్‌డీ యను నిర్వాహకభాగము ప్రతి వినియోగస్థానమును ‘సీటు’ అని పిలుచును. ఏమియు చెప్పనిచో తగిలించిన ప్రతి వస్తువును ‘సీట్ జీరో’కే చెందును. రెండవ సీటునకు ఏ కార్డు, ఏ కీబోర్డు, ఏ మౌసు అన్నది లాగిన్‌సీటీఎల్ అటాచ్ అను ఆజ్ఞతో పేరుపేరున అప్పగింపవలెను. ఒకమారు అప్పగించిన పిమ్మట యంత్రము నాపి మరల పెట్టినను అది మరువదు. ఈ యువకుడు కీబోర్డు, మౌసు, చిన్న సౌండ్‌కార్డు మూటిని ఒక యూఎస్‌బీ హబ్బునకు తగిలించి, ఆ హబ్బునే రెండవ సీటున కిచ్చివేసెను; ఇక దానిలో గ్రుచ్చిన ప్రతి వస్తువును ఆ సీటుదే. పెన్‌డ్రైవ్ హబ్బులో పెట్టిన తమ్మునికి, యంత్రము వెనుక పెట్టిన అక్కకు. ఉమ్మడి యింట పొయ్యిలు వేరు పెట్టుకొన్న అన్నదమ్ములవలె, ప్రాసెసరు, 8 జీబీ మెమరీ, డిస్కు ఉమ్మడిగా నుండగా, తెర, మీటలు, ధ్వని, లాగిన్ వేరువేరుగా నున్నవి. అక్క లెక్కల పట్టికలు నింపుచుండగా తమ్ముడు బొమ్మలు వేయుచుండెను; ఏ తెరయు తడబడలేదు. ఆశ్చర్యపడవలసినది, ఇన్నాళ్లును ఒక్కరి ముందు ఈ యంత్రము ఎంత యూరక కూర్చున్నదో తలచుకొని.

పంచుకొనుట కంప్యూటరునకు క్రొత్త గాదు. 1961లోనే ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందము, ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను సీటీఎస్ఎస్ పద్ధతిని ప్రదర్శించినది. యంత్రము మిక్కిలి ఖరీదైన కాలమది. మన దేశమున 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5,000 ప్రభుత్వ పాఠశాలలలో ఎన్‌కంప్యూటింగ్ సంస్థవారి చిన్న పెట్టెల సాయమున 50,000 సీట్ల నేర్పరచు కార్యక్రమము చేపట్టిరి. బడికి పదేసి; కంప్యూటర్లు మాత్రము అంతకు ఎంతో తక్కువ. అంతకు ముందు, 2006లో, బెంగుళూరిలోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పవార్, పాల్, తోయామా, పల్లెబడులలో ఒక్క తెర చుట్టు పిల్లలు మూగుచుండగా మౌసు ఎవనికో ఒకనికే చిక్కుట గమనించి, ఒకే తెర మీద ప్రతి పిల్లకు ఒక మౌసును, ఒక్కొక్క రంగు బాణపుగుర్తును ఇచ్చి చూచిరి. ఆ యేర్పాటు ఆటపాటల కింపైనదే గాని, లెక్క చేయు బాలికకు కావలసినది ఏకాంతమని నా మతము. హోప్ టౌను యువకుని పక్షమే నాకు నచ్చినది.

లోపములు లేకపోలేదు. ఒకని దోషము ఇద్దరికిని తగులును: యంత్రము బిగిసిన ఇద్దరి పనియు ఆగును. ఈ దీవులలో విద్యుత్తు అధికభాగము డీజిలు జనరేటర్లది. అది పోయినచో రెండు తెరలును ఒక్కటిగా నల్లబడును గనుక, యూపీఎస్ కొనుటయే తన కన్నిటికంటె పెద్ద ఖర్చని యతడు చెప్పెను. లినక్స్ దింపుకొనుటకు మాత్రము కష్టపడలేదట. చెన్నైని ఈ దీవులతో కలుపుచు సముద్రగర్భమున మొత్తము సుమారు 2,300 కిలోమీటర్లు వేసిన తీగ 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. అంతకు పూర్వము ఇంటర్నెట్టునకు ఉపగ్రహమే దిక్కు. “మూడో సీటు పెట్టరాదా, బాబూ?” అని యడిగితిని. “బోర్డులో ఇంకో స్లాటు లేదండి. యూఎస్‌బీకి తగిలించే డిస్‌ప్లే అడాప్టర్లున్నాయి గానీ, దానికీ డబ్బులు, మానిటరుకీ డబ్బులు” అనెను.

చీకటి పడినది. బాలుడు పని ముగించి షట్‌డౌను నొక్కెను. యంత్రము ఆగలేదు, మరియొకరు లాగిన్ అయి యున్నారనియు, ఆపవలెనన్నచో అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు కావలెననియు తెరమీద ప్రకటన వచ్చినది.

“అక్కా, ఇంకెంతసేపే?”

“ఇంకా రెండు లెక్కలున్నాయిరా, ఉండు.”

వాడు గొణుగుకొనుచు మరల బొమ్మల ప్రోగ్రామును తెరచి, ఇందాకటి ఓడకు ఎఱ్ఱరంగు పులుమ నారంభించెను.

“ఆ పాస్‌వర్డు మాత్రం ఇద్దరికీ చెప్పలేదండి” అనెను యువకుడు, క్యాబినెట్ మూత బిగించుచు.