పాడైన డిస్కు ఎవరిది?

వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ డిస్కు పాడైతే కంపెనీ వేరేది ఇస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పాతదాని దగ్గరే. కొత్త డ్రైవు బిగించిన ఇంజనీరు పాతదాన్ని కవర్లో వేసుకుని జాబ్ షీటు మీద సంతకం పెట్టమంటాడు. చాలామంది పెట్టేస్తారు. పాడైపోయిన వస్తువుతో మనకేం పని అనుకుంటారు. మిషను మళ్లీ ఆన్ అయితే చాలన్న ఆత్రంలో, ఆ సంతకంతో ఏమేమి చెయ్యి దాటిపోతున్నాయో ఆలోచించే తీరిక ఉండదు.

గ్యారంటీలో మిక్సీ జారు మార్చుకుంటే పాత జారు ఇచ్చెయ్యడంలో నష్టమేమీ లేదు. కడిగి ఇస్తాం, అందులో మనది ఏదీ మిగలదు. డిస్కును కడగలేం. అది పాడవడం అంటే మనకు తెరుచుకోకపోవడమే. లోపల ఉన్నది లేకుండా పోవడం కాదు.

ఈ తేడా ఎంత పెద్దదో మా బాబాయి విషయంలో చూశాను. ఆయన గుంటూరులో ట్యాక్స్ ప్రాక్టీషనరు. బ్రాడీపేటలో ఒక గది, రెండు బీరువాలు, ఒక ల్యాప్‌టాప్. మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లు, రిటైరైన టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, జనరల్ హాస్పిటల్ నర్సులు, అందరూ ఆయన దగ్గరే రిటర్నులు వేయించుకుంటారు. జూలై నెల వస్తే ఆ గదిలో చెప్పులు విడవడానికి చోటుండదు. సరిగ్గా ఆ జూలైలో ఒక పొద్దున ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, నల్లటి తెర మీద బూట్ డివైస్ లేదని తెల్లటి అక్షరాలు వచ్చాయి. బయోస్‌లోకి వెళ్లి చూస్తే డ్రైవు పేరు కనబడాల్సిన చోట ఖాళీగా ఉంది.

ముందురోజు రాత్రి దాకా బాగా పనిచేసింది. పళ్లెం తిరిగే పాతరకం హార్డ్ డిస్కు అయితే పోయేముందు కొంత సూచన ఇస్తుంది. టక టక చప్పుడు చేస్తుంది, ఫైలు తెరవడానికి మొరాయిస్తుంది, నడక మందగిస్తుంది. ఎస్‌ఎస్‌డి చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది. అందులో కదిలే భాగమే లేదు. బాబాయి ల్యాప్‌టాప్ వెనక మూత తీసి చూశాను. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలుచటి పలక, చివర ఒకే ఒక్క స్క్రూ. దాని మీద రెండు రకాల చిప్పులు. ఒకటి కంట్రోలరు, ఏది ఎక్కడుందో చూసుకునేది. మిగతావి ఫ్లాష్ మెమరీ చిప్పులు, అసలు సమాచారం ఉండేది వాటిలోనే. కంట్రోలరు గానీ, దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ గానీ దెబ్బతింటే కంప్యూటరు దృష్టిలో ఆ పలక లేనట్టే. పక్కనున్న మెమరీ చిప్పుల్లో మాత్రం అంతా భద్రంగానే ఉండొచ్చు. కరెంటు తీసేసినా రాసింది చెరిగిపోకుండా ఉంచడానికే తోషిబాలో ఫుజియో మసువోకా 1980ల్లో ఫ్లాష్ మెమరీని కనిపెట్టాడు. ఏ గుణం కోసం దాన్ని కొంటున్నామో, పాడైన రోజున ఆ గుణమే మనల్ని చిక్కులో పెడుతుంది.

బాబాయికి పని ఆగలేదు. రోజూ గది తాళం వేసేముందు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ తీసి బీరువాలో పెట్టడం ఆయనకు అలవాటు. మా చెల్లెలి ల్యాప్‌టాప్ తీసుకుని ఆ మధ్యాహ్నమే మళ్లీ పనిలో కూర్చున్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే కాల్ లాగ్ చేసుకుని ఇంజనీరును కొత్త డ్రైవుతో పంపారు. ఆలస్యం కూడా చెయ్యలేదు. ఇక్కడిదాకా చెప్పుకోవడానికి ఫిర్యాదేమీ లేదు.

"సార్, పాతది ఇచ్చెయ్యాలండి. అది కంపెనీ ప్రాపర్టీ" అన్నాడు ఆ అబ్బాయి.

"డబ్బు పెట్టి నేను కొన్నది కదయ్యా?"

"కొన్నారండి. దాని బదులు ఇది ఇస్తున్నాం కాబట్టి పాతది మాకొచ్చేస్తుందండి. అది రిటర్న్ చెయ్యకపోతే దాని ఖరీదు నా మీద రాస్తారు సార్."

ఆ అబ్బాయిది తప్పు కాదు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. బాబాయి నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నా కాగితాలే అయితే ఈపాటికి ఇచ్చేసేవాణ్ణి. ఇవి నన్ను నమ్మి ఇచ్చినవాళ్లవిరా" అన్నాడు.

ఆ డిస్కులో ఏముందో నాకు కొంత తెలుసు. నాలుగొందల పైచిలుకు కుటుంబాల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఒక ఎక్సెల్ షీటు ఉంది. అందులో పేరు, పాన్, పుట్టినతేదీ, ఇన్‌కంటాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్, వరసగా నాలుగు గళ్లు. ఈ వృత్తిలో ఉన్న చాలామంది కంప్యూటర్లలో ఇలాంటి షీటు ఉంటుంది, ఎందుకంటే క్లయింట్లు పాస్‌వర్డు గుర్తుపెట్టుకోరు, అదీ మీ దగ్గరే ఉంచండి సార్ అంటారు. వీటన్నిటికంటే బరువైనవి ఇంకొన్ని ఉన్నాయి. 80డీడీబీ సెక్షన్ కింద క్యాన్సరు లాంటి జబ్బుల వైద్యం ఖర్చుకు మినహాయింపు అడగాలంటే స్పెషలిస్టు డాక్టరు రాసిన కాగితం ఉండాలి. సొంత తోబుట్టువులకు కూడా చెప్పని జబ్బు సంగతి బాబాయి దగ్గర ఒక పీడీఎఫ్‌గా ఉంటుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అలాంటి కాగితం విలువ ఏమిటో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత నేను తీరిగ్గా కూర్చుని వారంటీ పత్రాలు చదివాను. బాబాయి కొన్న కంపెనీదే కాదు, ఇంకా కొన్ని కంపెనీలవి. మాటల్లో తేడా ఉంది గానీ సారం ఒకటే. మార్చిన భాగం కంపెనీకి చెందుతుంది. బదులుగా ఇచ్చేది కొత్తదే కానక్కర్లేదు, బాగుచేసినది కావచ్చు. లోపలి డేటాకు పూచీ లేదు. సర్వీసుకు ఇచ్చేముందు బ్యాకప్ తీసుకోవడం, రహస్య సమాచారం తొలగించుకోవడం కొనుగోలుదారు బాధ్యత.

ఈ చివరి మాట దగ్గర నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. తెరుచుకోని డిస్కులోంచి ఏది తొలగించుకోమంటారు? కీబోర్డు పాడైతే, స్క్రీను పగిలితే ఆ షరతు న్యాయమే. డిస్కే పోయినప్పుడు అది ఎవరివల్లా కాని పని. మనవల్ల కానిదాన్ని మన బాధ్యతగా రాసి, మనకు తెరుచుకోని డిస్కును వాళ్లు పట్టుకుపోతారు. రెండో షరతును కూడా దీని పక్కన పెట్టి చదవాలి. బదులుగా బాగుచేసిన డ్రైవులు ఇస్తాం అంటున్నారంటే, వెనక్కి వెళ్లినవాటిలో కొన్నైనా బాగుపడి ఇంకొకరి ల్యాప్‌టాప్‌లోకి చేరవచ్చన్నమాట. మధ్యలో శుభ్రంగా చెరిపేస్తారనే నమ్ముదాం. చెరిపినట్టు మనకు కాగితం ముక్క కూడా ఇవ్వరు. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఈ మెమరీ చిప్పుల్ని మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. వాటిలో పాతది ఇవ్వను అనడానికి విడిగా తీసే పలకే ఉండదు, బోర్డు మొత్తం వెళ్లిపోతుంది.

భయం ఊహించుకున్నది కాదు. ఎంఐటీలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు పాత బజార్లలో 158 వాడేసిన హార్డ్ డిస్కులు కొని చూసి, 2003లో ఆ వివరాలు ప్రచురించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా చెరిపినవి 12 మాత్రమే. మిగతావాటిలో ఐదువేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, ఉత్తరాలు, వైద్యానికి సంబంధించిన కాగితాలు దొరికాయి. ఒకటైతే ఏటీఎంలోంచి వచ్చిన డిస్కు, లావాదేవీలన్నీ అలాగే ఉన్నాయి. అది పాతకాలం అనుకోవద్దు. 2022 సెప్టెంబరులో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్‌ఛేంజ్ కమిషన్ మోర్గాన్ స్టాన్లీకి చెందిన సంస్థ మీద మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వాడేసిన డిస్కులు, సర్వర్లు వదిలించుకునే పని ఆ అనుభవమే లేని ఒక సామాన్ల రవాణా సంస్థకు అప్పగిస్తే, వాటిలో కొన్ని డేటాతో సహా ఇంటర్నెట్ వేలంలోకి చేరాయి. అంత పెద్ద ఆర్థిక సంస్థకే తన డిస్కులు ఎటుపోయాయో తెలియకపోతే, గుంటూరులో కవర్లో వేసిన ఒక పలక ఏ గోడౌనుకు చేరిందో బాబాయి ఎవర్ని అడగాలి?

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన పరిష్కారం కూడా ఏమీ లేదు. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. పాడైన డ్రైవును కొనుగోలుదారు దగ్గరే ఉంచుకోనిచ్చే సేవ డెల్, హెచ్‌పీ, లెనోవో ముగ్గురి దగ్గరా ఉంది, విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు ముందే కొనుక్కుంటాయి. దుకాణంలో ఒక్క ల్యాప్‌టాప్ కొనేవాడికి ఆ మాట చెప్పేవాళ్లు అరుదు. అంటే పెద్ద సంస్థల రహస్యానికి రక్షణ ఉంది, నర్సమ్మ గారి ఆధార్‌కు లేదు.

తొలి హార్డ్ డిస్కు కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1956లో ఐబీఎం తెచ్చిన ర్యామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు యాభై ఉండేవి. అన్నీ కలిపి పట్టేవి యాభై లక్షల అక్షరాలు. దాన్ని ఎక్కువగా నెలకు ఇంతని అద్దెకే ఇచ్చేవారు. అద్దె వస్తువు కాబట్టి డిస్కు కంపెనీది అంటే అప్పట్లో అర్థముంది. ఇప్పుడు మనం పూర్తి ఖరీదు కట్టి కొంటున్నాం. అయినా పాడైన మరుక్షణం హక్కు వాళ్ల చేతికి వెళ్లిపోతోంది.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచారం సేకరించినవారే దాన్ని కాపాడాలంటుంది. కాపాడలేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. ఆ లెక్కన క్లయింట్ల కాగితాలకు పూచీ బాబాయిదే. వారంటీ పత్రమేమో ఆ కాగితాలున్న డిస్కును ఇచ్చెయ్యమంటుంది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, కొనుగోలుదారును అన్యాయంగా కట్టిపడేసే ఒప్పందాలను గుర్తించింది. వాటి మీద ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. నాలుగువేల రూపాయల పలక కోసం గుంటూరు నుంచి ఎవరు తిరుగుతారు? అందుకే ఈ షరతు ఇన్నేళ్లుగా ఎవరూ అడగకుండా అలాగే ఉండిపోయింది.

బాబాయి పాత డ్రైవు ఇవ్వలేదు. ఇంజనీరు మీద భారం పడకుండా, అతను తెచ్చిన కొత్త డ్రైవును అతని చేతికే ఇచ్చి, "నాకు అక్కర్లేదు, నా ఇష్టంతోనే తిప్పి పంపుతున్నాను" అని జాబ్ షీటు మీద రాసి సంతకం పెట్టాడు. బజారుకెళ్లి సొంత డబ్బుతో ఇంకొకటి కొన్నాడు. వారంటీ ఉండి కూడా ఖర్చు ఆయన మీదే పడింది. రిటర్నుల గడువు అయ్యాక, పాత పలక మీదున్న ప్రతి మెమరీ చిప్పునూ సుత్తితో పొడి చేశాడు. తెరుచుకోని ఎస్‌ఎస్‌డికి అంతకంటే నమ్మకమైన మార్గం లేదు. అయస్కాంతంతో చెరిపే పద్ధతి ఫ్లాష్ మెమరీ మీద పనిచెయ్యదు.

ఆయన చేసింది సరైన పని. అది ఆయన డబ్బుతో జరగడం మాత్రం అన్యాయం. నలుగురి కాగితాలు దాచే ప్రతివాళ్లూ, లాయర్లు, డాక్టర్లు, దస్తావేజు రైటర్లు, స్టూడియో ఫొటోగ్రాఫర్లు, ఇదే చిక్కులో ఉన్నారు. పాడైన డిస్కును వారంటీ పోకుండా కొన్నవారి దగ్గరే వదిలేయాలని, అది కుదరకపోతే ధ్వంసం చేసినట్టు రాతపూర్వకంగా ఇవ్వాలని ప్రభుత్వమే నిబంధన పెట్టాలి.

అందాకా మనం చేయగలిగింది కొంత ఉంది. కొత్త ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చిన రోజే విండోస్‌లో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ, మ్యాక్‌లో అయితే ఫైల్‌వాల్ట్ గానీ ఆన్ చేయించండి. విండోస్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అప్పుడు డిస్కు ఎవరి చేతికి వెళ్లినా, తాళం తెలియనివాళ్లకు లోపలిది అర్థంలేని అక్షరాలే. ఇప్పటికే డిస్కు పోయి, పాతదాని మీద పేచీ నడుస్తున్నవాళ్లు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఫిర్యాదులు పోగుపడితే తప్ప ఈ షరతు మీద ఎవరి దృష్టీ పడదు. కొత్తగా కొనబోతున్నవాళ్లు మాత్రం బిల్లు కట్టకముందే షాపులో అడగండి: డిస్కు పాడైతే పాతది నాకు ఉంచుతారా, దానికి విడిగా ఎంత కట్టాలి? ఉంచుతాం అంటే ఆ మాటను బిల్లు మీదే రాయించుకోండి.