విమానముల విడిదిపట్టు

మొన్న కాశికిఁ బోవుచు శంషాబాదు విమానాశ్రయమున అద్దముల గోడకడ నిలిచి వెలుపలికిఁ జూచితిమి. 2008లో తెఱచిన ఈ చోట విమానములు నిలుచు ప్రాంగణమును ఏప్రన్ అందురు. అచ్చటి పసుపుగీఁతలు ముగ్గులు కావు, సోదరీమణులారా! ముందుచక్రము వానివెంటనే నడువవలెను. రెక్కల వెడల్పు 24 మొదలు 36 మీటర్లలోపు నున్న విమానమునకుఁ బ్రక్కదానితో 4.5 మీటర్లయినను, అంతకుఁ బెద్దవానికి 7.5 మీటర్లయినను ఎడముండవలెను. బంతిలో విస్తళ్లు వేయుటవంటిదే! పలుచోట్ల నొక పెద్దదాని స్థలముననే వేళనుబట్టి రెండు చిన్నవానిని నిలుపుదురు.

వంతెనప్రక్కఁ జోటు దొరకినచో నడచియే లోనికిఁ బోవచ్చును. దూరమైనచో బస్సు, పిదప మెట్లు. మోకాళ్లనొప్పుల మా యత్తగారికి ఈ భేదమే సర్వము. పోవునపుడు వంతెన లభించెను. దిగునపుడు లేదు, కుర్చీతోసహా ఎత్తుబండిలో దింపిరి.

"రథోత్సవమువలె నున్నదే!" అని యత్తగారు నవ్విరి.