రెండు చింతగింజలు

వనపర్తికి కొంత దూరమున నున్న యొక పల్లె మాది. సుమారు ఏబదియేండ్ల క్రిందట నేనచ్చటి పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మాట నాకు పుట్టుకతో వచ్చిన గుణము. ఎవరేమి యడిగినను ముందుగా లేచి సమాధానము చెప్పువాడను నేనే. దానిని తెలివియని నేను గర్వపడుచుంటిని.

మా పంతులుగారు గద్వాల ప్రాంతమువారు. ఆయన ప్రతి శనివారమును మాచేత విద్యార్థిసభ జరిపించెడివారు. తరగతికి సంబంధించిన విషయములను మేమే చర్చించి నిర్ణయించుకొనవలెను. ఎవరెవరు లేచి మాటాడిరో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. మేము మొత్తము 28 మందిమి.

ఒక శనివారము, పరీక్షలకై అందరము కలిసి చదువుకొను వేళ యేదియను ప్రశ్న వచ్చెను. దీపములు పెట్టిన తరువాత పాఠశాలలో రెండు గంటలు చదువవలెనని నేను వాదించితిని. ఒకడు కాదనగా మరల లేచితిని. ఇంకొకడు సందేహింపగా మరల లేచితిని. తుదకు నా మాటయే నెగ్గెను. ఆ రాత్రి సంతోషముచేత నాకు నిద్రపట్టలేదు.

మా తరగతిలో వాగు ఆవలి గూడెమునుండి వచ్చు బాలిక యొకతె యుండెను. ఆమె తలిదండ్రులు కూలిపని చేసి జీవించువారు. ఆమె మితభాషిణి. చదువు మొదలైన మొదటి మూడు రాత్రులును తడిసిన పావడాతో వచ్చి గోడప్రక్కన కూర్చుండెను. నాలుగవనాడు రాలేదు. అటుపిమ్మట పగటివేళ బడికి వచ్చుటయు మానెను. నేను దానిని గమనింపనైనను లేదు.

పంతులుగారు గమనించిరి. ఒకనాటి సాయంకాలము గూడెమునకు పోయి వచ్చి, మరునాడు నన్ను పిలిచి సభ పుస్తకము నా ముందుంచిరి. "నాయనా! ఆనాటి పుటలో నెవరి పేరు ఎన్నిమారులున్నదో లెక్కించుము" అనిరి. లెక్కించితిని. మొత్తము 14 ప్రసంగములలో ఏడు నావే. తక్కినవి నలుగురివి.

"ఆ బాలిక పేరు ఎన్నిమారులున్నది?"

"ఒక్కమారైనను లేదండి."

"చీకటిలో వాగు దాటలేనని చెప్పుట కామెకు ఒక్క మాట చాలును. ఆ యొక్కమాటకును చోటు మిగులలేదు. బడికి వచ్చినచో రాత్రికి కూడ రావలసివచ్చునని తలచి, చదువే మానుకొన్నది" అని పంతులుగారు పుస్తకము మూసిరి. ఆయన నన్ను కోపింపలేదు. కోపించినను నాకంత బాధ కలిగియుండెడిది కాదు.

మరుసటి శనివారము పంతులుగారు ఒక చేటలో చింతగింజలు తెచ్చి, ఒక్కొక్కరికి రెండేసి పంచిరి. ఎవడు మాటాడదలచినను ఒక గింజను ఎదుటి ముంతలో వేయవలెను. రెండును వేసినవాడు ఆ దినమున మరల లేవరాదు. అందరును ఒకమారు మాటాడువరకు, లేక మాటాడుట కిష్టములేదని చెప్పువరకు, ఎవడును రెండవ గింజ వేయరాదు. ఇతరు లడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మాత్రము గింజతో పనిలేదు.

నాకు కష్టము తోచెను. "పంతులుగారూ! చెప్పవలసిన మాట యింకను ఉన్నవానిని ఆపుట న్యాయమా? నిజాం ప్రభుత్వమున సభ జరుపుటకే అనుమతి కావలసియుండెనని మీరే చెప్పితిరి గదా! ఇదియు నట్టిదేగదా?" అని యడిగితిని.

పంతులుగారు నవ్వి యిట్లనిరి: "మంచి ప్రశ్న. ఆ నిర్బంధము ప్రజల నోరు మూయించుటకు. ఇది మూసికొన్న నోళ్లు తెరపించుటకు. ఏమి మాటాడవలెనో నేను చెప్పుటలేదు. ఎన్నిమారులో మాత్రమే చెప్పుచున్నాను. ఈ హద్దు నీకొక్కనికే కాదు, అందరికిని సమానము. మన గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు పూర్వము కవిపండితులకు నిలయములు. తిరుపతి వేంకటకవులు ఈ సీమకు వచ్చి సన్మానము లందిరి. వారికి కీర్తి తెచ్చిన అవధానమును చూడుము. అష్టావధానమున పృచ్ఛకులు ఎనమండుగురు. సమస్య యిచ్చిన వానికి ఒక పాదము చెప్పి, అవధాని దత్తపది యిచ్చిన వానివైపు తిరుగును. పిమ్మట వర్ణన యడిగినవాని వంతు. ఇట్లు నాలుగు ఆవృత్తులు తిరిగినగాని పద్యములు పూర్తికావు. తన పద్యము ముందుగా ముగింపుమని యే పృచ్ఛకుడును పట్టుబట్టరాదు."

"మరి అప్రస్తుతప్రసంగము చేయువాడో?" అని నేను విడువక యడిగితిని.

"వానికి నడుమ నడుమ కల్పించుకొను స్వేచ్ఛ కలదు. అది అవధాని యేకాగ్రతను పరీక్షించుటకు. కాని అట్టివాడు సభకు ఒక్కడే. ఎనమండుగురును అదే పని చేసినచో అవధానము సాగునా?" అనిరి. తరగతియంతయు గొల్లున నవ్వెను. నేనును నవ్వక తప్పలేదు.

ఆనాడు పంతులుగారు ఆ బాలికను బడికి రప్పించియుండిరి. ఆమె వంతు వచ్చెను. చాలసేపు గింజను వ్రేళ్లమధ్య త్రిప్పుచు నిలిచి, దానిని ముంతలో వేసి, "రాత్రి వాగు దాటుటకు నాకు భయము. తెల్లవారుజామున నైతే మా నాయన దాటించి పనికి పోవును" అని కూర్చుండెను. అంతే. నా ఏడు ప్రసంగములలోను లేని విషయము ఆ రెండు మాటలలో నుండెను. ఆమె పిమ్మట వాగు ఆవలివా రింకను ఇద్దరు లేచి, తమకును అదే యిబ్బంది యని చెప్పిరి. చదువు ప్రాతఃకాలమునకు మారెను. ఆ యేడు ఆమె మాతోపాటు పరీక్ష వ్రాసెను.

నేనో, నా మొదటి గింజను బల్లల వరుసను గూర్చిన చిన్న విషయమునకు, రెండవదానిని ఒక హాస్యమునకు ఖర్చుచేసితిని. సభ ముగియువేళకు నిజముగా చెప్పదగిన మాటయొకటి తోచెను గాని, చేత గింజ లేకపోయెను. నోరు మూసికొని వినుచు కూర్చుంటిని. తరువాతి శనివారమునుండి, లేచుటకు ముందు ఆలోచించుట నేర్చుకొంటిని.

పెద్దవాడనైన పిమ్మట ఈ నియమమునే అనేక స్థలములలో చూచితిని. మన లోక్‌సభ నియమములలో గూడ, ఒక ప్రతిపాదనపై సభ్యుడు సామాన్యముగా ఒక్కమారే ప్రసంగింపవలెను. ప్రతిపాదించినవానికి మాత్రము తుదకు సమాధానమిచ్చు హక్కు కలదు. ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గల సురవరము ప్రతాపరెడ్డిగారు 1952లో మా వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైన మహనీయులు. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపణకు సమాధానముగా ఆయన 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. అందు 354 మంది కవులకు చోటు దొరకెను. ఏ పదిమందియో పుటలన్నియు నింపియుండినచో ఆ సమాధానము పూర్తియగునా?

బాలబాలికలారా! నేటికిని నలుగురు కూడినచోట నాకు ముందుగా లేవవలెననియే తోచును. పుట్టుకతో వచ్చిన గుణము పూర్తిగా పోలేదు. అప్పుడు నా చేయి తనంతట తానే జేబులోనికి పోయి, లేని చింతగింజలను వెదకును. ఆలోగా ప్రక్కనున్నవా రెవరైన లేచి మాటాడుదురు. నేను విందును.